గయానా అడవి జంతువుల్ని సరిగ్గా చూడాలంటే: టికెట్ కొనే ముందు నుంచి తిరిగొచ్చాక జ్వరం దాకా

"గయానా వెళ్తున్నాం, వారం సెలవు దొరికింది. జాగ్వార్ కనిపిస్తుందా?" నేను వెళ్లొచ్చిన దగ్గర్నుంచి ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. కనిపించకపోవచ్చు. ఒక్క జాగ్వారే మీ లక్ష్యమైతే బ్రెజిల్‌లోని పాంటనాల్ చిత్తడి నేలలకి వెళ్లండి. జూలై నుంచి అక్టోబర్ మధ్య పోర్టో జోఫ్రే దగ్గర నదిలో పడవెక్కితే అక్కడ అవకాశాలు చాలా ఎక్కువ.

దక్షిణ అమెరికా ఉత్తర తీరంలోని గయానాలో చూడాల్సినవి వేరు: మనిషి పొడవుండే నీటికుక్కలు, బారెడు తోకతో గడ్డిలో నడుస్తూ చీమలు, చెదలు తినే యాంటీటర్, పడవంత మొసళ్లు, బొటనవేలి గోరంత బంగారు కప్పలు. వీటిని చూసే అవకాశం బాగానే ఉంటుంది, ప్లాన్ సరిగ్గా ఉంటే.

ఆఫ్రికా సఫారీ లెక్క ఇక్కడ నడవదు. దేశంలో 80 శాతానికి పైగా అడవే. దట్టమైన చెట్ల మధ్య జంతువు పది అడుగుల దూరంలో ఉన్నా కంటికి ఆనదు. కనబడేది మూడు చోట్ల: నీటి ఒడ్డున, గడ్డి మైదానంలో, చెట్ల పైకొమ్మల్లో. అదీ పొద్దున రెండు మూడు గంటలు, సాయంత్రం గంటన్నర. అందుకే ట్రిప్పును రోజుల్లో కాకుండా తెల్లవారుజాముల్లో లెక్కేసుకోవాలి. కింద చెప్పిన పద్ధతంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

1. ఏ జంతువు ఎక్కడ: ముందు లిస్టు రాయండి

చాలామంది లాడ్జి బుక్ చేసుకుని, తర్వాత అక్కడేం కనిపిస్తాయో వెతుకుతారు. తిరగేసి చేయండి. చూడాలనుకున్న ఐదు జంతువుల పేర్లు కాగితం మీద రాసి, చోటు తర్వాత ఎంచుకోండి.

- జెయింట్ ఆటర్, అంటే పెద్ద నీటికుక్క: రుపునూని నది, కరనాంబు, రేవా ప్రాంతాలు. అక్కడివాళ్లు కూడా దీన్ని 'వాటర్ డాగ్' అనే పిలుస్తారు. ఆ మాట వినగానే మన ఊరి చెరువుగట్టు మీద ఉన్నట్టనిపించింది.
- జెయింట్ యాంటీటర్: కరనాంబు చుట్టూ ఉత్తర రుపునూని గడ్డి మైదానాలు.
- బ్లాక్ కైమన్ అనే పెద్ద నల్ల మొసలి: రుపునూని నది, యుపుకారి. ఆ ఊళ్లో వీటి మీద పరిశోధన జరుగుతుంది. కుదిరితే రాత్రి పరిశోధకుల వెంట వెళ్లొచ్చు.
- అరపైమా చేప: రేవా దగ్గరి చెరువులు.
- హొయాట్జిన్, గయానా జాతీయ పక్షి: రాజధాని జార్జ్‌టౌన్‌కి గంట దూరంలో మహైకా నది ఒడ్డు పొదలు. స్థానికంగా కాంజీ ఫెజెంట్ అంటారు.
- కాక్ ఆఫ్ ది రాక్ అనే నారింజ రంగు పిట్ట: కైటూర్ జలపాతం దగ్గరి అడవి, ఇవోక్రామా ప్రాంతం.
- బంగారు కప్ప: కైటూర్.
- హార్పీ గద్ద: సురామా, రేవా చుట్టుపక్కల. గూడు ఉన్న ఏడాదైతేనే ఆశ పెట్టుకోండి.
- సన్ పారాకీట్ అనే పసుపు చిలుక: కరసబాయి ఊరు.
- సముద్ర తాబేళ్లు: షెల్ బీచ్, మార్చి నుంచి జూలై దాకా.

లిస్టు చూస్తే మీకే అర్థమవుతుంది: సగం పైగా ఒక్క రుపునూనిలోనే, అంటే దక్షిణాన ఆ నది చుట్టూ ఉన్న ప్రాంతంలోనే ఉన్నాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు షెల్ బీచ్, కరసబాయి పక్కన పెట్టేయండి. అవి మ్యాపులో దగ్గరగా కనిపిస్తాయి కానీ ఒక్కోటి ఒక్కో ప్రయాణం.

2. ఏ నెల

తీరంలో రెండు వానాకాలాలు: మే నుంచి ఆగస్టు మధ్య వరకు పెద్దది, నవంబర్ చివర నుంచి జనవరి దాకా చిన్నది. రుపునూనిలో ఒకటే, సుమారు మే నుంచి ఆగస్టు దాకా. అప్పుడు మైదానాలు మునిగి చెరువులూ నదులూ ఒకటైపోతాయి. చేపలు చెదిరిపోతాయి, చేపల వెంట నీటికుక్కలూ చెదిరిపోతాయి.

నా సలహా: సెప్టెంబర్ చివర నుంచి నవంబర్ మధ్య వరకు, లేదంటే ఫిబ్రవరి, మార్చి. నీళ్లు తగ్గి, జంతువులు మిగిలిన మడుగుల దగ్గర చేరతాయి, దారులు ఎండి ఉంటాయి. అమెరికాలో ఉన్నవాళ్లు డిసెంబర్ సెలవుల్లో వెళ్తామంటారు. రుపునూనికి పర్లేదు. కైటూర్‌కి మాత్రం మబ్బు అడ్డమొచ్చి చిన్న విమానం వాయిదా పడే అవకాశాన్ని లెక్కలో పెట్టుకోండి.

3. కాగితాలు, టీకాలు: కనీసం రెండు నెలల ముందు

ఈ భాగం బోరే. అయినా ట్రిప్పులు ఆగిపోయేది ఇక్కడే.

వీసా. భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ఢిల్లీలోని గయానా హైకమిషన్ దగ్గర ప్రస్తుత నియమం కనుక్కోండి. ఇండియా నుంచి నేరుగా విమానం లేదు. అమెరికా, కెనడా, పనామా లాంటి చోట్ల మారాలి. మారే దేశపు ట్రాన్సిట్ వీసా విడిగా కావాలేమో చూడండి. అమెరికాలో విమానాశ్రయం దాటకపోయినా వీసా లేకుండా కుదరదు.

హెచ్-1బి వాళ్లు ఇది రెండుసార్లు చదవండి. పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు అయిపోయి చేతిలో ఐ-797 మాత్రమే ఉంటే, గయానా వెళ్లి నేరుగా తిరిగి రాలేరు. కెనడా, మెక్సికో చిన్న ప్రయాణాలకు ఉన్న వెసులుబాటు దక్షిణ అమెరికాకు లేదు. కొత్త స్టాంపింగ్ అయ్యాకే టికెట్ కొనండి.

ఎల్లో ఫీవర్ టీకా. గయానా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉంది. అక్కడి నుంచి ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే సర్టిఫికెట్ అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచే అధికారం వాళ్లకుంది. టీకా వేయించుకున్న పదో రోజు నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్ వాళ్లకు నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది. అక్కడ ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని వెళ్లండి. 60 దాటినవాళ్లు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్లు డాక్టర్‌తో మాట్లాడకుండా వేయించుకోవద్దు.

మలేరియా మాత్రలు. జార్జ్‌టౌన్ వరకే అయితే మాత్రలు అక్కర్లేదని డాక్టర్ అనొచ్చు. లోపలికి వెళ్తే కావాలి. కొన్ని మాత్రలు ప్రయాణానికి ముందే మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా మింగాలి. మధ్యలో ఆపొద్దు.

చెక్‌లిస్ట్:
- పాస్‌పోర్ట్, గయానా వీసా, ట్రాన్సిట్ వీసా
- ఎల్లో ఫీవర్ పసుపు కార్డు అసలు ప్రతి, ఫోన్‌లో ఫొటో
- మాత్రలు, చీటీ
- చిన్న విమానంలో తరలింపు కూడా కవర్ చేసే ప్రయాణ బీమా

4. ప్లాన్: తెల్లవారుజాములు లెక్కపెట్టండి

నేను మొదటిసారి వేసుకున్న ప్లాన్‌లో ఏడు రోజుల్లో ఐదు చోట్లు. తిరిగొచ్చాక లెక్క చూస్తే అడవిలో దక్కిన తెల్లవారుజాములు రెండే. మిగతావి విమానం కోసం, జీపు కోసం, పడవ కోసం పోయాయి.

సూత్రం సులువు. ఒక చోట ఒక రాత్రి ఉంటే ఒక తెల్లవారుజాము, అదీ సామాను సర్దుకుంటూ. రెండు రాత్రులైతే ఒకటి పూర్తిగా మీది. మూడు రాత్రులైతే వాన పడినా ఇంకోటి మిగులుతుంది. అందుకే ప్రతి చోటా కనీసం రెండు, కరనాంబులో మూడు.

పది రోజులుంటే ఇలా వేయండి:

- 1వ రోజు: జార్జ్‌టౌన్ చేరడం, నిద్ర.
- 2వ రోజు: తెల్లవారకముందే మహైకా, సాయంత్రం బొటానికల్ గార్డెన్.
- 3వ రోజు: కైటూర్.
- 4, 5: ఇవోక్రామా అడవి.
- 6: సురామా. పది రోజుల్లో ఇక్కడికి మాత్రం ఒక్క రాత్రే మిగులుతుంది.
- 7, 8, 9: కరనాంబు.
- 10: జార్జ్‌టౌన్ తిరిగి రావడం. ఇంటికి వెళ్లే విమానం 11న.

కైటూర్‌ని మొదట్లోనే పెట్టడానికి కారణముంది. చిన్న విమానం నిండకపోయినా, మబ్బు పట్టినా వాయిదా వేస్తారు. మొదట్లో ఉంటే చివరికి జరపొచ్చు, చివర్లో ఉంటే జరిపే చోటే ఉండదు. అలాగే లోపలి నుంచి వచ్చిన రోజే అంతర్జాతీయ విమానం పెట్టుకోవద్దు. ఒక రాత్రి మధ్యలో ఉండాలి.

రోడ్డు సంగతి: జార్జ్‌టౌన్ నుంచి బ్రెజిల్ సరిహద్దులోని లెథెమ్‌కి రాత్రి మినీబస్సులున్నాయి. చవక. కానీ లోపలికి వెళ్లే కొద్దీ చాలా దూరం ఎర్రమట్టి దారి, వానొస్తే గంటలు రోజవుతాయి. కుర్రాళ్లయితే ఒకసారి సరదాకి ఎక్కండి. అమ్మానాన్నల్ని తీసుకెళ్తే విమానమే.

5. లాడ్జి, గైడ్: బుక్ చేసే ముందు అడగాల్సినవి

లాడ్జి అంటే మన బస్టాండ్ పక్క లాడ్జి గుర్తుకొస్తుంది. ఇక్కడవి అడవి అంచున తాటాకు కప్పు గదులు. కొన్ని మకుషి తెగ ఊళ్లవాళ్లే నడుపుతారు. సురామా, రేవా అలాంటివే. మీరిచ్చే డబ్బు ఊరికి చేరుతుంది. ఇంకో లాభం కూడా ఉంది: ఏ చెట్టుకి పండ్లు వచ్చాయి, ఏ మడుగులో నీళ్లున్నాయి అన్నది అక్కడ పుట్టినవాడికి తెలిసినట్టు నగరం నుంచి వచ్చిన గైడ్‌కి తెలియదు.

మెయిల్‌లో ఇవి అడగండి:

- పొద్దున ఎన్నింటికి బయలుదేరతారు? ఆరున్నర అంటే ఆలస్యం. నాలుగున్నర, ఐదు అనాలి.
- టిఫిన్ ముందా, తిరిగొచ్చాకా? తిరిగొచ్చాక అనాలి.
- ఈ నెలలో హార్పీ గూడు ఏదైనా నడుస్తోందా? ఎంత నడక?
- పడవలు, జీపు ధరలో కలిసి ఉన్నాయా?
- రాత్రి పడవ ప్రయాణం ఉందా?
- శాకాహారం వండుతారా?

చివరిది మనవాళ్లకు టెన్షన్ పెట్టే ప్రశ్న. జార్జ్‌టౌన్‌లో ఇబ్బంది లేదు: ధాల్ పూరి, శనగల కూర, గుమ్మడికాయ కూర, 'బోరా' పేరుతో మన అలసంద కాయల వేపుడు. మద్రాస్ ఓడరేవు నుంచి కూలీలుగా వచ్చినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. తీరంలో కొందరి ఇంటిపేర్లు వింటే చెవి నిక్కబొడుచుకుంటుంది. లోపలి ఊళ్లలో మాత్రం చేప, కోడి, కర్రపెండలం. ముందే చెబితే పప్పు, అన్నం వండుతారు, వచ్చాక చెబితే గుడ్డే. ఒక చిన్న సీసాలో కారప్పొడి పెట్టుకోండి. నేను పెట్టుకున్నది రెండో రోజుకే లాడ్జి వంటింట్లో చేరి, మళ్లీ నా చేతికి రాలేదు.

నగదు కూడా గుర్తుంచుకోండి. అమెరికా డాలరుకు 200 పైచిలుకు గయానా డాలర్లొస్తాయి. లోపల కార్డు పనిచేస్తుందని నమ్ముకోవద్దు.

6. సామాను: 9 కిలోల పరీక్ష

లోపలికి వెళ్లే విమానాలు ఓగిల్ అనే చిన్న విమానాశ్రయం నుంచి బయలుదేరతాయి. సాధారణంగా ఒకరికి 20 పౌండ్లు, అంటే సుమారు 9 కిలోల సామాను. సంచితోపాటు మిమ్మల్నీ తూకం వేస్తారు. సిగ్గుపడొద్దు, అందరి వంతూ వస్తుంది. పెద్ద సూట్‌కేసు జార్జ్‌టౌన్ హోటల్‌లో వదిలేయండి.

- పొడవు చేతుల లేత రంగు చొక్కాలు 3, పొడవు ప్యాంట్లు 2
- మోకాళ్ల దాకా వచ్చే మేజోళ్లు 3 జతలు
- చీలమండ కప్పే బూట్లు, పడవకి చెప్పులు
- వాన కోటు
- బైనాక్యులర్
- తలకు కట్టే టార్చి, ఇంకోటి చేతి టార్చి, విడి బ్యాటరీలు
- దోమల మందు
- నీళ్లు చొరని సంచి, జిప్ కవర్లు, సిలికా జెల్
- పవర్ బ్యాంక్. చాలా చోట్ల సోలార్ కరెంటే, ఛార్జింగ్ కొన్ని గంటలే.

జీన్స్ వద్దు. తడిస్తే రెండు రోజులు ఆరదు, బరువు కూడా.

7. బైనాక్యులర్ సాధన: ఇంటి దగ్గరే

ఇది చాలామంది వదిలేస్తారు. కెమెరాకి లక్షలు పోసి, బైనాక్యులర్ విమానాశ్రయంలో పెట్టె విప్పినవాళ్లను చూశాను. అడవిలో పిట్ట మూడు సెకన్లు కూర్చుంటుంది. అప్పుడు చక్రం ఎటు తిప్పాలో వెతికితే అంతే సంగతులు.

కొనేటప్పుడు 8×42 తీసుకోండి. 10 రెట్లు పెద్దగా చూపేది ఇంకా మంచిదనిపిస్తుంది, కానీ కదిలే పడవలో బొమ్మ ఎక్కువ వణుకుతుంది, కనిపించే మేరా తగ్గుతుంది.

1. కళ్లద్దాలుంటే కంటి దగ్గరి రబ్బరు కప్పుల్ని లోపలికి తిప్పేయండి. లేకపోతే బయటికి.
2. కుడి కన్ను మూసి, ఎడమ కంటితో దూరంగా ఉన్న ఒక బోర్డు చూస్తూ మధ్య చక్రంతో సరిచేయండి.
3. ఎడమ కన్ను మూసి, అదే బోర్డుని కుడి కంటి దగ్గరి రింగు తిప్పి సరిచేయండి. ఆ రింగు ఇక కదలకూడదు, చిన్న గుర్తు పెట్టుకోండి.
4. పిట్టను ముందు ఉత్త కంటితో చూడండి. చూపు దాని మీద నుంచి తీయకుండా బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకోండి. తల దించి బైనాక్యులర్ చూసుకుంటే పిట్ట పోయినట్టే.

హైదరాబాద్ వాళ్లకు అమీన్‌పూర్ చెరువు, గుంటూరు వాళ్లకు ఉప్పలపాడు పక్షుల చెరువు ఉన్నాయి. నాలుగు ఆదివారాలు చాలు. గూడబాతుల్ని, కొంగల్ని కూర్చున్నప్పుడు కాకుండా ఎగిరేటప్పుడు పట్టుకోవడం సాధన చేయండి. గైడ్ "రెండు గంటల దగ్గర" అంటే చెట్టును గడియారంలా ఊహించుకుని 2 అంకె ఉండే వైపు చూడాలి. దాన్నీ ఇంట్లోవాళ్లతో ఆడుకుంటూ నేర్చుకోవచ్చు.

8. అక్కడికి చేరాక: ఒక్కో జంతువుకీ ఒక్కో పద్ధతి

8.1 హొయాట్జిన్. సులువైనది, అందుకే మొదటిది. పొద్దున్నే పడవలో నెమ్మదిగా వెళ్తే నీటి మీదికి వంగిన పొదల్లో గుంపుగా రొప్పుతూ కనిపిస్తాయి. ఇది ఆకులు తిని, పశువుల్లాగే పులియబెట్టుకుంటుంది, కాకపోతే పొట్టకి ముందుండే మేత సంచిలో. అందుకే పేడ వాసన. పిల్లలకు రెక్కల మీద గోళ్లుంటాయి, పొదల్లో పాకుతాయి. గూళ్ల దగ్గరికి పడవ తోలమని అడగొద్దు. భయపడితే పిల్లలు నీళ్లలోకి దూకేస్తాయి.

8.2 కైటూర్. 226 మీటర్ల నుంచి నీళ్లు ఒక్క దూకుడుగా పడే జలపాతం. ఒక్క రోజు ట్రిప్పులో నేల మీద ఉండేది సుమారు రెండు గంటలే. అందరూ నీళ్ల ముందు సెల్ఫీలకి గంటన్నర ఇచ్చేస్తారు. మీరు గైడ్‌కి దిగగానే చెప్పండి: కప్ప, కాక్ ఆఫ్ ది రాక్ చూడాలని. దారి పక్కన మనిషెత్తు బ్రొమీలియడ్ మొక్కలుంటాయి. ఆకుల మొదట్లో నిలిచిన నీళ్ల దగ్గర ఆ చిన్న పసుపు కప్ప ఉంటుంది. ఆకును లాగొద్దు, పక్కకి జరిగి పై నుంచి చూడండి. దోమల మందు రాసుకున్న చేతులు మొక్కకి తగలకూడదు. కప్ప చర్మం ఆ మందును పీల్చుకుంటుంది.

8.3 ఇవోక్రామా పైకొమ్మల వంతెన. నేల నుంచి సుమారు 30 మీటర్ల ఎత్తున వేలాడే వంతెన ఇది. తెల్లవారేసరికి పైన ఉండాలి. అంటే చీకట్లో మెట్లు ఎక్కాలి. పైకెళ్లాక చాలామంది ఒక చివర నుంచి ఇంకో చివరకి నడుస్తారు. నడవొద్దు. ఒక అరుగు మీద కూర్చోండి. నలుగురు నడిస్తే వంతెన ఊగి ఎవరికీ బైనాక్యులర్ నిలవదు. ముందు ఎర్ర హౌలర్ కోతుల గర్జన వినిపిస్తుంది. అడవే మూలుగుతున్నట్టుంటుంది. తర్వాత టూకన్లు, చిలుకలు. ఎనిమిదిన్నరకి సద్దు తగ్గిపోతుంది, అప్పుడు దిగండి.

కిందికి వచ్చేటప్పుడు దారికడ్డంగా సైనిక చీమల బారు కనిపిస్తే అదృష్టమే. పక్కకి తప్పుకుని పావుగంట ఆగండి. చీమలకు భయపడి లేచే పురుగుల కోసం యాంట్‌బర్డ్ పిట్టలు వాటి వెంటే వస్తాయి.

8.4 యాంటీటర్. కరనాంబులో అక్కడి పశువుల కాపర్లు తెల్లవారకముందే మైదానంలోకి వెళ్లి వెతుకుతారు. జాడ దొరగ్గానే మీ జీపుకి కబురొస్తుంది. ఇక్కడ వరుస ముఖ్యం.

1. ఐదున్నరకే జీపులో ఉండండి. ఎండెక్కితే అది పొదలో తోక కప్పుకుని పడుకుంటుంది.
2. జీపు దిగాక ముందు గాలి ఎటు వీస్తోందో చూడండి. చిటికెడు మట్టి వదిలితే తెలుస్తుంది. దానికి చూపు మందం, ముక్కు మాత్రం చాలా చురుకు. గాలి దాని వైపు నుంచి మీ వైపుకి రావాలి.
3. ఒకరి వెనుక ఒకరు నడవండి. అది తల ఎత్తితే ఆగిపోండి, మళ్లీ చెదపుట్ట తవ్వడం మొదలెడితే కదలండి.
4. గైడ్ ఆపిన చోట ఆగండి. ముందు కాళ్ల గోళ్లతో అది మనిషిని చీల్చగలదు. వెనుక కాళ్ల మీద నిలబడిందంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్లారు.

సబ్బు, సెంటు ఆ పొద్దున వద్దు.

8.5 నీటికుక్కలు. ఇవి పగటి జంతువులు, కుటుంబంగా తిరుగుతాయి, గోల గోల చేస్తాయి. చూడకముందే వినిపిస్తాయి. పడవ ఇంజన్ ఆపించి, ప్రవాహంతో జారనివ్వండి. అవే కుతూహలంగా వచ్చి మెడ నిలువుగా ఎత్తి చూస్తాయి. అప్పుడు గొంతు మీద లేత రంగు మచ్చలు కనిపిస్తాయి. ఏ రెండింటికీ మచ్చ ఒకేలా ఉండదు. ఫొటో తీయాల్సిన క్షణం అదే. బుస కొడుతూ పదే పదే మెడలెత్తుతుంటే పిల్లలున్న బొరియ దగ్గరున్నారని అర్థం, వెనక్కి రమ్మనండి.

అదే సాయంత్రం విక్టోరియా కలువలున్న చెరువుకి తీసుకెళ్లమని అడగండి. పొద్దుగూకాక తెల్లగా విచ్చుకుంటాయి, మర్నాటి రాత్రికి గులాబీ రంగు తిరుగుతాయి.

8.6 రాత్రి కైమన్లు. టార్చిని కంటి పక్కన, కణతకి ఆనించి పట్టుకోండి. నడుము దగ్గర పట్టుకుంటే కళ్ల మెరుపు మీకు తిరిగి రాదు. నిప్పుకణికల్లాంటి ఎర్రటి చుక్కలు కైమన్లు. గడ్డిలో మంచుబిందువుల్లా తెల్లగా మెరిసేవి సాలీళ్లు. రెండు ఎర్ర చుక్కల మధ్య ఎడం ఎంత ఎక్కువైతే జంతువు అంత పెద్దది. బ్లాక్ కైమన్ నాలుగు మీటర్లు దాటుతుంది. చేతులు పడవ లోపలే.

9. అందరూ చేసే తప్పులు

- *కెమెరా అద్దం మసకబారడం.* ఏసీ గది నుంచి తేమలోకి తీస్తే జరుగుతుంది. గంట ముందే సంచిలోనే బయట పెట్టండి. తుడిస్తే మళ్లీ పడుతుంది, ఆగడమే మందు.
- *ఫొటోలన్నీ నల్లగా రావడం.* అడవి లోపల వెలుతురు తక్కువ. కెమెరా వెలుతురును పట్టే శక్తిని చూపే ఐఎస్ఓ అంకెను 3200 దాకా పెంచడానికి వెనకాడొద్దు. గరుకు ఫొటో సరిచేయొచ్చు, కదిలిన ఫొటో బాగుపడదు.
- *ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిలవడం.* గూడు వదిలి వస్తుంది, అలసిపోతుంది. గైడ్ తనకు తానుగా ఒకసారి చేస్తే సరే, మళ్లీ మళ్లీ చేయమనొద్దు.
- *హార్పీ గూటి కింద గంట కూర్చుని నిరాశపడడం.* తల్లి రోజూ వేట తేదు. ఎదిగిన పిల్ల మాత్రం నెలల తరబడి గూటి దగ్గరే ఉంటుంది. పిల్లను చూడ్డానికే వెళ్లండి.
- *తెగల ఊళ్లలో అడక్కుండా ఫొటోలు.* ఆ భూమి ఊరిది. ఊరి పెద్దను తోషావో అంటారు. బయటివాళ్లు రావాలంటే అనుమతి కావాలి. లాడ్జి వాళ్లు ఆ పని చూశారో లేదో అడగండి.

10. పురుగులు, నీళ్లు, పాములు

దోమల కంటే ఎక్కువ ఏడిపించేది 'బెట్ రూజ్' అనే కంటికి ఆనని ఎర్ర పురుగు. గడ్డిలో ఉంటుంది. నడుము పట్టీ, మేజోళ్ల అంచు దగ్గర కుడుతుంది, దురద వారం దాకా. ప్యాంటు మేజోళ్లలోకి దోపండి, గడ్డి మీద కూర్చోవద్దు, రాగానే స్నానం చేసి బట్టలు మార్చండి. నదుల దగ్గర 'కబౌరా' ఈగలు. వాటికి పొడవు చేతులే సమాధానం.

నదిలో దిగితే కాళ్లు ఎత్తి వేయొద్దు, బురదలో ఈడ్చుకుంటూ నడవండి. అడుగున స్టింగ్‌రే (తోకకు ముల్లుండే చేప) ఉంటే అలికిడికి తప్పుకుంటుంది, తొక్కితే ముల్లు దిగుతుంది. పొద్దుగూకాక నీళ్లలోకి అసలు వద్దు.

బూట్లు వేసుకునే ముందు తిరగేసి దులపండి. రాత్రి బాత్రూంకి కూడా టార్చి.

11. తిరుగు ప్రయాణం

ఈక, పన్ను, చర్మం, ఎండిన గింజల దండలో దూర్చిన పిట్ట ముక్కు: ఏదీ సంచిలో పెట్టుకోవద్దు, ఎవరు బహుమతిగా ఇచ్చినా. పాట పోటీల కోసం టోవా టోవా అనే చిన్న పిచ్చుకల్ని జుట్టు రింగుల గొట్టాల్లో దాచి న్యూయార్క్‌కి తెస్తూ చాలామంది దొరికిపోయారు. కాబట్టి గయానా విమానం అంటే అక్కడి కస్టమ్స్ వాళ్ల కన్ను చురుగ్గానే ఉంటుంది. బూట్ల మట్టి కడుక్కోండి, అదీ అడుగుతారు.

ఇంటికొచ్చాక వారాల తర్వాత జ్వరం వచ్చినా వైరల్ అనుకుని పారాసిటమాల్‌తో సరిపెట్టొద్దు. డాక్టర్‌కి మొదటి మాటే "గయానా లోపలి అడవుల్లో ఉన్నాను" అని చెప్పి, మలేరియా పరీక్ష ఆ రోజే చేయించుకోండి.